గోడ మీద మామ, గోడ కింద అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. చింతపండు కొట్టే రోజులు కదా, ఇంటి ముందు అరుగు మీద కూర్చుని గింజ తీస్తూ తీస్తూ పక్కకు ఒరిగిపోయిందట. నేనప్పుడు అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు పెడుతున్నాను. పక్కింటి అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి గడప దగ్గరే ఆగి, "అక్కా, మీ అత్తమ్మ లేస్తలేదు" అంది. నేను పోయేసరికి అత్తమ్మ ఒళ్లో చింతగింజలు అట్లాగే ఉన్నాయి. వేళ్లకు చింతపండు జిగట అంటుకుని ఉంది. ఆ చేతులు కడుగుతున్నప్పుడు ఏడుపు వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ వస్తోంది, ఏం చేయను.

ఆమె గురించి పేపర్లో రాసేవాళ్లు ఎవరూ లేరు. కూలికి పోయింది, కొడుకును పెంచింది, ఆదివారం చర్చికి పోయింది. బయటివాళ్లు చూస్తే అంతే. కానీ ఆమె చర్చిలో ఎటువైపు చూస్తూ కూర్చునేదో నాకు తెలుసు. అది చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

ఆలేరు నుంచి మా ఊరికి వచ్చే దారిలో ఊరి కంటే ముందు మా వాడ వస్తుంది, వాడ కంటే ముందు చర్చి. చర్చి అనగానే మీరు ఎత్తైన శిఖరం, పెద్ద గంట అనుకుంటారేమో. అవేమీ లేవు. అది ఏ రాజుల కాలందో ఒక రాతి సత్రం. లావుపాటి స్తంభాలు, మీద బండల కప్పు. ఒకప్పుడు బాటసారులు దిగేవాళ్లట, ఆ బాట పోయాక మేకలు పడుకునేవట. మా వాళ్లు ప్రభువును నమ్ముకున్న కొత్తలో ఊళ్లో ఎవరూ జాగా ఇవ్వలేదు. దాంతో ఎవరికీ అక్కర్లేని ఈ సత్రంలోంచి మేకలను తోలి, స్తంభాల మధ్య గోడలు లేపుకున్నారు. గోడలకు సున్నపు గచ్చు చేసి, దాని మీద బొమ్మలు వేయించారు.

బొమ్మలు వేసింది నకాషీ పనివాడు. కులపురాణాలు చెప్పుకుంటూ తిరిగేవాళ్లకు పటాలు వేసిచ్చే మనిషి. అతనికి బైబిలు కథ తెలియదు. అప్పటి పాస్టరయ్య చదివి చెబుతుంటే, తను కళ్లతో చూసిన మనుషులతోనే ఆ కథ వేశాడు. అందుకే మా చర్చి గోడ మీద మరియమ్మ నారాయణపేట చీర కట్టుకుని ఉంటుంది. గొర్రెల కాపరులు గొంగళ్లు కప్పుకుని ఉంటారు. కడరాత్రి భోజనంలో ప్రభువూ శిష్యులూ నేల మీద బంతిగా కూర్చుని జొన్నరొట్టెలు తింటుంటారు. ఒక్కొక్కరి ముందు ఒక ముంత ఉంటుంది. ఆ ముంతల్లో ఏముందని కొత్తగా వచ్చిన ప్రతి పాస్టరూ అడుగుతాడు. ద్రాక్షరసం అయ్యగారూ అని మావాళ్లు అంటారు. ఈ చెలకల్లో ద్రాక్షలు ఎక్కడివని ఇంతవరకు ఏ పాస్టరూ మళ్లీ అడగలేదు.

ఆ పనివాడికి అన్నం పెట్టింది మా వాడే. ఇంటింటా వంతుల వారీగా తిన్నాడట. తిన్న ఇంటి పెద్దను ఎదురుగా కూర్చోబెట్టుకుని, అతని ముఖాన్ని ఒక శిష్యుడికి పెట్టాడట. అట్లా ఇళ్లకు పేర్లు పడ్డాయి. పేతురోళ్లు, యోహానోళ్లు, తోమాసోళ్లు. ఇప్పటికీ ఆ పేర్లతోనే పిలుచుకుంటారు. పెళ్లిసంబంధం మాట్లాడినా, నీళ్ల కాడ కొట్లాడుకున్నా ఆ పేర్లే. మా అత్తవారిది యూదోళ్ల ఇల్లు. ప్రభువును పట్టించిన యూదాకు మా ఆయన ముత్తాత ముఖం పడింది.

ఎందుకు పడిందంటే వాడలో రెండు మాటలున్నాయి. ఆయన దొర గడీలో జీతముండి వాడ ముచ్చట్లన్నీ అక్కడ మోసేవాడని కొందరంటారు. యూదాగా కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోక పని ఆగిపోతే, సరే నేను కూర్చుంటానని ఆయనే వచ్చాడని మా ఇంట్లో అంటారు. ఏది నిజమో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. అత్తమ్మను అడిగితే, "ఎవలో ఒకలు కూసోవాలె గద బిడ్డా. ఆ జాగ ఉత్తగుంటే బంతి నిండుతదా?" అనేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నా పెళ్లయింది. మాది నార్కట్‌పల్లి. హైవే మీద మా నాయినకు పంచరు దుకాణం ఉండేది. లారీల హారన్ల మధ్య పెరిగినదాన్ని, నా గొంతు కొంచెం పెద్దదే. ఈ యూదోళ్ల సంగతి పెళ్లికి ముందు నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి ఆదివారం అత్తమ్మ నన్ను చర్చికి తీసుకుపోయి, ఆడవాళ్ల వైపు తను ఎప్పుడూ కూర్చునే జాగాలో, తన చాప మీదే కూర్చోబెట్టుకుంది. ఎదురుగా కడరాత్రి భోజనం గోడ. పాట మొదలవగానే నా మోచేతిని పొడిచి, కళ్లతో గోడ వైపు చూపింది.

"గాయనే మీ మామ."

నేను ప్రభువు వైపు చూశాను.

"ఆయన కాదు పిల్లా. గా చివరకు. సంచి పట్టుకున్నాయన."

నాకు నవ్వు ఆగలేదు. పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. కాసేపటికి పుస్తకం పక్కకు జరిపి చూస్తే అత్తమ్మ నవ్వడం లేదు. కొత్త కోడలికి తన పెనిమిటిని చూపించే అత్త ముఖం ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. కొంచెం గర్వంగా, కొంచెం సిగ్గుగా. నేను మళ్లీ గోడ వైపు చూశాను. అప్పటికే ఆ ముఖం వెలిసిపోయి ఉంది. పెద్ద పెద్ద కళ్లు, మీసం కనిపించాయి. మిగతాది నాకు అర్థం కాలేదు.

మిగిలిన కథ ఇంటికి పోయాక తెలిసింది. మా ఆయన ఇంకా పాకే వయసులో ఉండగా మామ పోయాడు. బావి పూడిక తీస్తుంటే గట్టు విరిగి మీద పడింది. పైన మోకు లాగుతున్నది పేతురోళ్ల తాత. ఇప్పుడు మేము తాత అంటాం కానీ అప్పుడు ఆయనా పడుచువాడే, మామకు జతగాడు, వరుసకు బావ. తాడు ఒక్కసారిగా తేలికైందని, అది ఇప్పటికీ తన చేతికి తెలుస్తుందని ఆయన అంటాడు.

మామ ఫొటో ఒక్కటి కూడా లేదు. పెళ్లయిన వారం ఆలేరు పోయి ఫొటో దిగుదామనుకున్నారట. ఆ రోజు వాన. ఇంకోనాడు పోదాంలే అనుకున్నారు. కూలీనాలీ చేసుకునేవాళ్లకు ఆ ఇంకోనాడు ఎప్పుడొస్తుంది? కానీ మామ అచ్చం తన తాతను దించినట్టే ఉండేవాడని వాడలో పెద్దవాళ్లందరూ చెబుతారు. కాబట్టి గోడ మీది యూదా ముఖమే మామ ముఖం అయింది. చంకలో పిల్లవాడిని పెట్టుకుని, అత్తమ్మ ప్రతి ఆదివారం ఆ గోడ కింద కూర్చుంది. అందరూ ఆమె ప్రభువును చూస్తోందనుకున్నారు. భక్తురాలన్నారు. భక్తి ఆమెకు ఉంది, లేదనను. కానీ చూసింది మాత్రం ఆ చివరి మనిషిని.

ఎందుకంత చూడటం అని ఒకసారి అడిగాను. పెళ్లయి ఏడాది కూడా కాలేదు, నాకు అన్నీ వింతే. అత్తమ్మ జొన్నరొట్టె కొడుతోంది. చేయి ఆపకుండా చెప్పింది.

"నేను ముసల్దాన్నయి ప్రభువు కాడికి పోత. ఆయన గట్లనే పడుచోనిగ ఉంటడు. నన్ను చూసి ఎవలో అవ్వ వచ్చిందనుకుంటడు. ఆయన నన్ను గుర్తువట్టడు బిడ్డా. నేనే గుర్తువట్టాలె. గందుకే మొకం మరువొద్దు."

రొట్టె పెనం మీద వేసి తిప్పింది. నా చేతిలో వేడి రొట్టె పెట్టి, "తిను, సల్లారుతాంది" అంది.

ఆమె నన్ను "హైవే పిల్ల" అని పిలిచేది. నాకు కోపం వచ్చి గొంతు లేస్తే, "జర బ్రేకెయ్యి బిడ్డా" అనేది. అంగన్‌వాడీ ఉద్యోగం వచ్చినప్పుడు, పసిబిడ్డను వదిలి కోడలు బయటికి పోవడమేమిటని నీళ్ల కాడ ఎవరో అన్నారు. మర్నాడు అత్తమ్మ నా బిడ్డను చంకనేసుకుని అంగన్‌వాడీకి వచ్చి, పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నేను గిక్కడ్నే ఉంట. ఇగ చెప్పు, బిడ్డను ఎవలు వదిలిపోయిన్రు?" అని బయటికి వినపడేటట్టు అంది. మా అమ్మ నాకు జన్మనిచ్చింది. ఇంటి బయట తలెత్తుకుని నడవడం మాత్రం అత్తమ్మ వల్లే వచ్చింది. ఈ మాట ఆమె బతికుండగా చెప్పలేదు. చెప్పినా, "సాల్లేగని, బట్టలు ఆరినయో చూడు" అని ఉండేది.

ఇప్పుడు మా వాడలో ఉన్న ఒక రివాజు చెప్పాలి. శుభ శుక్రవారం నాడు మధ్యాహ్నం ఆరాధన అయిపోగానే పిల్లలు పేడ ముద్దలు తెచ్చి గోడ మీది యూదా ముఖానికి కొడతారు. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. పాస్టర్లు వద్దంటూనే ఉన్నారు, పిల్లలు కొడుతూనే ఉన్నారు. ప్రభువును పట్టించినవాడు కదా, అందులో తప్పేముందని పెద్దవాళ్లు నవ్వుకుంటారు. అది యూదోళ్ల ఇంటివాళ్లు చూస్తుండగానే జరుగుతుంది. అత్తమ్మ ఒక్కనాడూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. కొంగు సర్దుకుని ఇంటికి వచ్చేసేది.

శనివారం చర్చిలో ఎవరూ ఉండరు. అప్పుడు ఒక బిందె నీళ్లు, మెత్తటి పాత చీర గుడ్డ తీసుకుని పోయేది. స్టూలు ఎక్కి ఆ ముఖం కడిగేది. ముందు ఎండిన పేడను నానబెట్టి, తర్వాత నుదురు, కళ్లు, చెంపలు, ఎవరికైనా స్నానం చేయించినట్టు. గుడ్డ పిండిన నీళ్లను మోరీలో పోయనిచ్చేది కాదు. బయట గోరింట చెట్టు మొదట్లో పోసేది. మర్నాడు పునరుత్థాన పండుగ. తెల్లవారుజామునే అందరూ వచ్చేసరికి బంతిలో అందరి ముఖాలూ శుభ్రంగా ఉండేవి.

మా ఆయన బడికి పోయే వయసులో ఒకసారి మిగతా పిల్లలతో కలిసి తనూ పేడ తీసుకుని కొట్టాడట. ఆ బొమ్మ ఎవరో అప్పటికి తెలియదు. సరిగ్గా ముఖం మీద పడిందని చప్పట్లు కూడా కొట్టాడట. అత్తమ్మ తిట్టలేదు. మర్నాడు బిందె చేతికిచ్చి, "పా బిడ్డా, మీ నాయిన మొకం కడుగుదాం" అంది. పెళ్లయిన చాలా రోజులకు ఆయన ఈ సంగతి నాకు చెప్పాడు. చెప్పి, లేచి బయటికి పోయాడు. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్. మాటలు తక్కువ. ఆనాటి నుంచి చర్చిలో ఆయన గోడ వైపు తలెత్తి చూడడు.

నేను వచ్చాక ప్రతి ఏడూ స్టూలు పట్టుకునే పని నాది. నాలుగైదేళ్లు గడిచేసరికి అత్తమ్మ కంట్లో తెల్లటి పొర కమ్మింది. స్టూలు ఎక్కితే కాలు తడబడుతోంది. ఒక శనివారం, "దిగు అత్తమ్మా, నేను కడుగుత" అని గుడ్డ తీసుకున్నాను. మొదటిసారి ఆ ముఖాన్ని దగ్గరగా చూశాను. ఒక కన్ను లేదు. ముక్కు లేదు. మీసం ఉండాల్సిన చోట నల్లటి మరక మాత్రం ఉంది. రెండో కంటిని తడిగుడ్డతో ఒత్తి తీసి చూస్తే, గుడ్డ మీదికి నల్లగా దిగింది. కింద ఎర్రగా కూడా. పేడ కాదు అది, రంగు.

ఆ రంగులు చెట్టు జిగురుతో కలిపినవి, తడి తగిలితే కరిగిపోతాయని మా వాడలో ఎవరికి తెలుసు? పేడ దెబ్బలకు ఎక్కడో ఒక పెచ్చు రాలి ఉంటుంది. ముఖాన్ని తీసుకుపోయింది మాత్రం నీళ్లే. అంత ప్రేమగా, అన్నేళ్లు ఆమె పోసిన నీళ్లే. కింద అత్తమ్మ స్టూలు పట్టుకుని నిలబడి ఉంది.

"మంచిగ పోయిందా బిడ్డా పేడ?"

"పోయిందత్తమ్మా."

"మొకం మంచిగున్నదా?"

"మంచిగున్నది."

ఇంకేం చెప్పను? ఆ ఏటి నుంచి నేనే పోయి ఎండిన పేడను పొడిగుడ్డతో దులిపి వచ్చేదాన్ని. మిగిలిందే ఏముంది, పాగా గీత, ఒక చెవి, సంచి పట్టుకున్న చేయి. అత్తమ్మ ఆదివారం ఆదివారం అదే చాప మీద కూర్చుని, పొర కమ్మిన కళ్లతో అటే చూసేది. ఆమెకు ఎర్రటి మసక తప్ప ఏమీ కనిపించదని నాకు తెలుసు. అది కనిపించకపోవడమే మేలని ప్రార్థించాను కూడా. కళ్లు బాగుపడొద్దని ప్రార్థించే కోడలు ఉంటుందా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆలేరులో కంటి శిబిరం పెట్టారని మా ఆయనే తెలుసుకుని వచ్చాడు. తల్లికి ఆపరేషన్ చేయించాలని పట్టుబట్టాడు. నేను ఇప్పుడు ఎండలని, తర్వాత వానలని సాకులు చెప్పాను. "నీకేం అడ్డం వచ్చింది?" అని ఆయన కోప్పడ్డాడు. విచిత్రం ఏమిటంటే అత్తమ్మ కూడా వద్దంది. "నాకు కావల్సింది నాకు కనవడుతాంది తియ్" అంది. చివరికి ఆయన మాటే నెగ్గింది. ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని కొన్నాళ్లు ఇంట్లోనే ఉంది. నా బిడ్డ ముఖం చేతుల్లోకి తీసుకుని, "గింత అందంగున్నవానే నువ్వు" అని మురిసింది. నాకు మాత్రం రాబోయే ఆదివారమే కళ్ల ముందు.

ఆ ఆదివారం అత్తమ్మ అందరికంటే ముందు పోదామంది. చర్చి తలుపు నేనే తీశాను. ఆమె తిన్నగా గోడ దగ్గరికి పోయి, అద్దాలు తీసి, తలెత్తి చూసింది. నేను తట్టుకోలేక, "అత్తమ్మా, నేను ఎప్పుడో చెప్దామనుకున్న, నాకు నోరు రాలే..." అని మొదలుపెట్టాను.

"ఊకో పిల్లా. నాకు ఎరికే."

"ఎరుకనా?"

"నా చేతికి తెల్వదా? ఏటేట గోడ గరుకయితనే ఉన్నది. రంగు నీళ్లలకు దిగుతనే ఉన్నది. గందుకే గద గోరింట మొదట్ల పోసిన."

"మరి ఎందుకు కడిగినవ్ అత్తమ్మా? ఉంచితే ఉండునేమో గద."

అత్తమ్మ నా వైపు తిరిగింది. పొర లేని ఆ కళ్లను అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు.

"ఎట్ల ఉంచుమంటవ్? తెల్లారితే పండుగ. అందరు మంచి మొకాలతోని బంతిల కూసుంటే, ఆయన ఒక్కడు పేడ మొకంతోని కూసుంటడా? కడిగితే పోతదని ఎరికే. కడగకుంటే నాకు పాణం ఒప్పకపోయేది."

అంతవరకు బాగానే మాట్లాడింది. తర్వాత చాప పరుచుకుని కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇగ ఆడికి పోతే ఆయనను ఎట్ల గుర్తువడుతనో" అంది. భర్త పోయినప్పుడు కూడా ఏడవకుండా బిడ్డను చూసుకుందని చెప్పుకునే మనిషి ఆమె. ఆ రోజు ఏడ్చింది. జనం రావడం మొదలైంది, ఇంకా ఏడుస్తూనే ఉంది. ఆమెను చూసి ఎవరో, ప్రార్థనలో ఎంత లీనమైందో చూడండి అన్నారు.

కిందటేడు కప్పు బండల మధ్యలోంచి వాన నీళ్లు కారుతున్నాయని వాడ పెద్దలు చర్చి బాగు చేయించారు. పనిలో పనిగా బొమ్మలు కూడా సరిచేయిద్దామన్నారు. నకాషీ పని తెలిసిన ఒకాయన వచ్చాడు. మంచి మనిషి. ఒక్కో ఇంటివాళ్లను పిలిచి అడిగి, ఎక్కడ ముక్కు చెరిగిందో, ఎక్కడ పాగా రంగు పోయిందో దిద్దుకుంటూ వచ్చాడు. చివరికి యూదా దగ్గరికి వచ్చి మా అత్తమ్మను పిలిపించాడు. ఆమె తయారై వచ్చింది. మంచి చీర కట్టుకుంది.

"ఎట్లుండె అమ్మా మొకం? కళ్లు పెద్దయా? ముక్కు కోసుగుండెనా?" అని ఆయన అడిగాడు.

అత్తమ్మ గోడ వైపు చూసింది. "మీసం యాదికున్నది. కొసలు మీదికి తిప్పుకునేటోడు," అంది. ఇంకా ఏదో వెతుక్కుంది. "మిగిలింది యాదికి లేదయ్యా. మొత్తం ఆ గోడకే ఒప్పజెప్పిన."

పేతురోళ్ల తాత అక్కడే కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. "కొడుకు ఉన్నడు గదనే. వాన్ని కూసోవెట్టు. తండ్రి పోలిక యాడికి పోతది?" అన్నాడు. అందరికీ ఆ మాట నచ్చింది. మా ఆయనది తల్లి పోలిక అనేవాళ్లు కూడా సరే అన్నారు. మా ఆయన ఎవరి వైపూ చూడకుండా వచ్చి, గోడకు ఎదురుగా ఎండ పడేచోట కూర్చున్నాడు. పనివాడు బొగ్గు ముక్క తీసుకుని గోడ మీద చేయి పెట్టాడు.

అత్తమ్మ కొడుకును చూసింది. గోడను చూసింది. ఆమెకు ఏం కావాలో ఆ చర్చిలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఒక్క మాట, ఊ అంటే చాలు. మళ్లీ ప్రతి ఆదివారం ఒక ముఖం ఉంటుంది.

"వద్దు. లేవురా," అంది.

"ఏమైందమ్మా?" అన్నాడు పాస్టరయ్య.

"నా కొడుకు మొకం మీద పేడ పడనియ్య."

"ఇగ కొట్టుడు బంద్ వెడతనమ్మా. నేను మాటిస్తున్న."

"నువ్వు మంచోనివయ్యా. నిన్ను ఇంకో ఊరికి తోలితే? పిల్లలు ఊకుంటరా? వాళ్లకు పండుగ గది."

"ఇన్నేండ్లు నీ పెనిమిటి మీద కొడితే ఊకున్నవ్ గదా?" అన్నాడు పేతురోళ్ల తాత.

"ఆయన మీద పోయినంక పడ్డది. వీడు బతికున్నోడు. వద్దంటే వద్దు."

పనివాడు బొగ్గు ముక్క కింద పెట్టేశాడు. చెరిగిన చోట మెత్తగా గచ్చు చేసి, పాగా, చెవి, సంచి దిద్ది, ముఖం మాత్రం ఏమీ గీయకుండా వదిలేశాడు. మేము ఇంటి దారి పట్టాం. అత్తమ్మే, ఆకలైతాంది, గబగబ నడువున్రి అని అందరినీ తొందరపెట్టింది.

ఆ తర్వాతి రోజుల గురించి చెప్పాలంటే ప్రత్యేకంగా ఏమీ జరగలేదనే నేను అనుకున్నాను. అత్తమ్మ మిరపతోటకు పోవడం మానేసింది. ఆయాసం వచ్చేది. మా ఆయన మీసం పెంచడం మొదలుపెట్టాడు. పెళ్లైన నాటి నుంచీ నున్నగా గీసుకునే మనిషి. "పొలీసోని లెక్క ఉన్నవ్, బిడ్డ జడుసుకుంటది" అని వెక్కిరించాను. "ఉండనీ" అన్నాడు, అంతే. పొద్దున్నే డ్యూటీకి పోయేముందు అద్దం ముందు నిలబడి కొసలు పైకి తిప్పుకుంటుంటే, ఈ వయసులో ఈ సోకు ఏమిటని నవ్వుకున్నాను.

ఆయన అన్నానికి కూర్చుంటే అత్తమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. "జర ఇటు తిరుగు బిడ్డా, వెలుతురుకు" అనేది. ఆయన తిరిగేవాడు. "ఏమన్న కావాల్నా అమ్మా?" అంటే, "ఏం వద్దు, తిను" అనేది. తన పళ్లెంలో అన్నం చల్లారిపోయేది. కొత్త కళ్లు కదా, అన్నీ తేరిపార చూసుకుంటోందని అనుకున్నాను. కళ్లెదుట జరుగుతున్నది నాకు కనపడలేదు.

ఆమెను చివరిసారి చర్చిలోకి తెచ్చినప్పుడు పెట్టెను ఆ గోడకు ఎదురుగానే, తన చాప వేసుకునే జాగాలోనే దించారు. మా ఆయన తల దగ్గర నిలబడ్డాడు. కొన్ని నెలలుగా ఇల్లు కదలని పేతురోళ్ల తాత ఆలస్యంగా వచ్చాడు. కర్ర పొడుచుకుంటూ గుమ్మం దాటి, తలెత్తి, అక్కడే ఆగిపోయాడు. కర్ర చేతిలోంచి జారిపోయింది.

"ఓ బావా..." అన్నాడు.

ఆ పిలుపు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. అట్లా పిలిపించుకునే మనిషి బావిలోనే పోయాడు. రెండో అడుగు వేయలేక, గుమ్మం పట్టుకుని, "నువ్వారా బిడ్డా... నేను గాయనే నిలవడ్డడనుకున్న" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. చర్చిలో ముసలివాళ్లందరూ మా ఆయన వైపు తిరిగారు. నేనూ చూశాను. గోడ మీద తల్లి పెట్టనివ్వని ముఖాన్ని ఆయన ఇంట్లో పెట్టుకుని తిరిగాడని, పొద్దున రొట్టె దగ్గర, సాయంత్రం అన్నం దగ్గర ఆమె చూసుకున్నది దాన్నేనని నాకు అప్పుడు తెలిసింది.

కడసారి చూసుకోండని పాస్టరయ్య అన్నాడు. పాట అందుకున్నారు. ఒక్కొక్కరే వచ్చి చూసి పోయారు. నా బిడ్డను ఎత్తుకుని నేనూ చూసి పక్కకు జరిగాను. చివర్న మా ఆయన వచ్చాడు. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుని, మీసం కొసలు సరిచేసుకుని, పెట్టె రెండు అంచులూ పట్టుకుని వంగాడు. తన ముఖాన్ని ఆమె ముఖానికి ఎదురుగా పెట్టాడు.

"మంచిగ చూస్కో అమ్మా," అన్నాడు.

అట్లాగే వంగి ఉండిపోయాడు. పాట అయిపోయింది. మళ్లీ ఎవరూ ఎత్తుకోలేదు. మూత పట్టుకున్నవాళ్లు దాన్ని దించకుండా, బరువుకు చేతులు వణుకుతున్నా, అట్లాగే పట్టుకుని నిలబడ్డారు.